చిన్న ప్రొపేన్ సిలిండర్ కొనే ముందు లాకర్ కొలవండి

ప్రశ్న: మాది 27 అడుగుల తెరచాప పడవ. లోపల రెండు బర్నర్ల గ్యాస్ పొయ్యి, వెనక రెయిలింగ్‌కి బిగించిన చిన్న గ్రిల్ ఉన్నాయి. ఇన్నాళ్లూ రెండింటికీ వాడి పారేసే ఒక పౌండు ప్రొపేన్ డబ్బాలతోనే నెట్టుకొచ్చాం. ఖాళీ డబ్బాలు గుట్టలు పడుతున్నాయి, ఖర్చూ తక్కువేం కాదు. మళ్లీ మళ్లీ నింపుకునే చిన్న సిలిండర్లకు మారదామనుకుంటున్నాం. అందరూ వాడే 20 పౌండ్ల సిలిండర్ మా కాక్‌పిట్ లాకర్‌లో, అంటే పడవ నడిపేవాళ్లు కూర్చునే చోట ఉండే సామాను పెట్టెలో, పట్టదు. ఒక పౌండు రీఫిల్ సిలిండర్లు నాలుగైదు తీసుకోవాలా, 5 పౌండ్లది ఒకటి తీసుకోవాలా? అల్యూమినియం వాటికి అంత డబ్బు పోయడం అవసరమా? అసలు ఇప్పుడున్న డబ్బాలనే అడాప్టర్ పెట్టి నింపుకుంటే తప్పేంటి?

జవాబు: మీ చివరి ప్రశ్న ముందు తేల్చేద్దాం. పారేసే డబ్బాలను నింపకండి. వాటి మీద డాట్-39 అనే ముద్ర ఉంటుంది, అంటే ఒక్కసారి నింపి వాడటానికే తయారైన పల్చటి ఉక్కు డబ్బా అని అర్థం. దాని నోట్లో ఉండేది చేతితో తిప్పి మూసే వాల్వ్ కాదు. స్ప్రింగ్ ఒత్తిడి మీద నిలబడే ఒక సన్నటి పిన్ను, దాని కింద చిన్న రబ్బరు ముక్క, అంతే. ద్రవ ప్రొపేన్‌ను ఎదురు దిక్కున బలవంతంగా ఎక్కించినప్పుడు ఆ పిన్ను తిరిగి సరిగ్గా తన గుంటలో కూర్చోకపోవచ్చు. అడాప్టర్ విప్పగానే బుసబుస వినిపిస్తే కనీసం మనకు తెలుస్తుంది. చెవికి అందనంత నెమ్మదిగా కారేదే ప్రమాదం. ఇలా నింపిన డబ్బాను వాహనంలో తీసుకెళ్లడం అమెరికాలో ఫెడరల్ నేరం. 5 లక్షల డాలర్ల దాకా జరిమానా, 5 ఏళ్ల దాకా జైలు అని డబ్బా మీదే అచ్చువేసి ఉంటుంది.

నేల మీద ఆరుబయట కారితే గాలికి పోతుంది. పడవలో పోదు. ప్రొపేన్ ఆవిరి గాలి కంటే ఒకటిన్నర రెట్లు బరువు, పడవేమో అడుగున చిల్లు లేని గిన్నె. కారిన గ్యాస్ మెట్ల మీదుగా క్యాబిన్‌లోకి, అక్కణ్నుంచి చెక్కల కిందకి దిగి బిల్జ్‌లో, అంటే పడవ అట్టడుగు పల్లంలో, చేరుతుంది. లెక్క చూడండి. ఒక పౌండు, అంటే 454 గ్రాముల ప్రొపేన్ పూర్తిగా ఆవిరైతే దాదాపు 250 లీటర్ల గ్యాస్. గాలిలో 2.1 శాతం ఉంటే చాలు అది అంటుకుంటుంది. అంటే ఒక్క డబ్బా సుమారు 12 ఘనపు మీటర్ల గాలిని మండే మిశ్రమంగా మార్చగలదు. మీ క్యాబిన్ మొత్తం అంతకు మించి ఉండకపోవచ్చు. పైగా గ్యాస్ అంతటా సమంగా కలవదు, అడుగున పేరుకుంటుంది. కాబట్టి అంటుకోవడానికి డబ్బా అంతా కారనక్కర్లేదు, బిల్జ్ పంపు స్విచ్‌లో ఒక్క నిప్పురవ్వ చాలు. వాసన కోసం మందు కలుపుతారు కదా అనుకుంటాం గానీ, గ్యాస్ పాదాల దగ్గర ఉన్నప్పుడు నిలబడిన మనిషి ముక్కుకు అది అందాలని లేదు. సిలిండర్ లోపల తుప్పు ఉంటే ఆ వాసన మందు కూడా బలం తగ్గుతుంది.

అందుకే నాలుగు చిన్నవా, ఒక పెద్దదా అన్న లెక్క కంటే ముందు తేల్చుకోవాల్సింది సిలిండర్ కూర్చునే చోటు. మీరు కాక్‌పిట్ లాకర్ అన్నారు. అది తాళ్లు, ఫెండర్లు, బ్యాటరీ, ఇంజిన్ తీగలు అన్నీ పడేసే మామూలు లాకర్ అయితే అందులో ఏ సైజు సిలిండరూ పెట్టకూడదు. గ్యాస్ లాకర్‌కు పడవ లోపలి భాగంతో ఎలాంటి సందూ ఉండకూడదు. మూత పైనుంచి తెరుచుకోవాలి. అట్టడుగున ఒక గొట్టం ఉండి, కారిన గ్యాస్ దాని ద్వారా పడవ బయటికి జారిపోవాలి. ఆ గొట్టానికి లోపలి వ్యాసం అంతర్జాతీయ ప్రమాణం ప్రకారం కనీసం 19 మిల్లీమీటర్లు, అమెరికాలో పడవలకు ప్రమాణాలు రాసే ఏబీవైసీ సంస్థ ప్రకారం కనీసం అర అంగుళం. ఎలాగూ కొత్తగా వేయిస్తుంటే 25 మిల్లీమీటర్లది వేయించండి, చెత్త అడ్డుపడదు. గొట్టం బయటి మూతి నీటి మట్టానికి పైన ఉండాలి, పడవ పక్కకు వాలినప్పుడు కూడా. కిటికీ, ఇంజిన్ గాలి గొట్టం లాంటి ఏ రంధ్రానికీ అది 50 సెంటీమీటర్లలోపు ఉండకూడదు.

ఇక్కడ ఎక్కువమంది గమనించని తప్పు ఒకటుంది. ఆ గొట్టం లాకర్ నుంచి బయటికి ఒకే వాలుగా దిగకుండా మధ్యలో ఎక్కడో కిందికి వేలాడితే, ఆ వంపులో వాననీరో కడిగిన నీరో నిలిచిపోతుంది. గ్యాస్ ఆ నీటిని తోసుకుని వెళ్లలేదు. చూడ్డానికి గొట్టం ఉంటుంది, పని మాత్రం చేయదు. అరబక్కెట్ నీళ్లు లాకర్‌లో పోసి చూడండి. ధారగా బయటికొచ్చి పూర్తిగా ఆగాలి. తర్వాత బయటి మూతి నుంచి నోటితో ఊదండి. గాలి తేలిగ్గా పోకుండా బుడబుడ చప్పుడు వస్తే గొట్టంలో నీళ్లున్నట్టే.

లాకర్ సరే అనిపించాక కొలతలు. లోపలి కొలత కాదు, ముందు మూత తెరిచిన నోరు కొలవండి. చాలా పడవల్లో లోపల చోటున్నా నోరు ఇరుకు. 5 పౌండ్ల నిలువు సిలిండర్ సుమారు 8 అంగుళాల వ్యాసం, 12 అంగుళాల ఎత్తు ఉంటుంది. 10 పౌండ్లది కొంచెం లావు, ఎత్తేమో 18 అంగుళాల దరిదాపు. 11 పౌండ్లది పొట్టిగా, 20 పౌండ్లదంత లావుగా, 12 అంగుళాల వ్యాసంతో వస్తుంది. ఎత్తులో పట్టక 20 పౌండ్లది వద్దనుకున్నవాళ్లకు ఈ పొట్టిది కొన్నిసార్లు సరిగ్గా అమరుతుంది. సిలిండర్ కొలతకు పైన రెగ్యులేటర్‌కు, గొట్టం మెలిక పడకుండా తిరగడానికి ఇంకో నాలుగైదు అంగుళాలు వదలండి. పక్కన చెయ్యి దూరి నట్టు తిప్పగలగాలి. అట్టపెట్టెను కోసి ఆ కొలతతో ఒక డొల్ల చేసి, లాకర్‌లో దింపి చూడండి. పది నిమిషాల పని, సిలిండర్ కొని వెనక్కిచ్చే బాధ తప్పుతుంది. పట్టట్లేదని నిలువు సిలిండర్‌ను పడుకోబెట్టే ఆలోచన మాత్రం వద్దు. పడుకోబెడితే వాల్వ్ దగ్గరకు ద్రవం వచ్చేస్తుంది, ఆవిరి వెళ్లాల్సిన రెగ్యులేటర్‌లోకి ద్రవమే వెళ్తుంది. అడ్డంగా పెట్టాలంటే అడ్డంగా వాడటానికే చేసిన రకం కొనాలి.

ఇక ఎంత గ్యాస్ కావాలో చూద్దాం. ఒక కిలోవాట్ మంట గంటసేపు వెలిగితే దాదాపు 78 గ్రాముల ప్రొపేన్ ఖర్చవుతుంది. పడవ పొయ్యిల మీద ఒక బర్నర్ ఎక్కువగా 1.5 నుంచి 2.5 కిలోవాట్ల మధ్య ఉంటుంది, మీ పొయ్యి వెనక రేకు మీద రాసి ఉంటుంది చూడండి. 2 కిలోవాట్లు అనుకుందాం. రోజుకు మొత్తం కలిపి ఒక గంట నిండు మంట అంటే 155 గ్రాములు. ఒక పౌండు సిలిండర్ మూడు రోజులు కూడా నిండుగా రాదు. 5 పౌండ్లది, అంటే 2.27 కిలోలు, రెండు వారాలు నడుస్తుంది. వారాంతాల్లో మాత్రమే వెళ్లేవాళ్లకైతే నెలలు.

కాబట్టి నా ఓటు స్పష్టంగా 5 పౌండ్లకే, అదీ ఒకటి కాదు, రెండు. ఒకటి పొయ్యికి కలిపి, రెండోది నిండుగా పక్కన. 10 పౌండ్లది ఒక్కటే కొంటే అది ఖాళీ అయ్యే ముందు సగం గ్యాస్‌తోనే నింపించడానికి మోసుకెళ్తారు, లేదంటే నడిసముద్రంలో పొయ్యి ఆరిపోతుంది. రెండు చిన్నవుంటే ఒకటి పూర్తిగా ఖాళీ చేసి నిశ్చింతగా రెండోదానికి మారొచ్చు. లాకర్‌లో రెండూ పట్టాలన్నది మరిచిపోకండి. నిండుదయినా ఖాళీదయినా, కలపని సిలిండర్ ఉండాల్సింది కూడా అక్కడే, క్యాబిన్‌లో సీటు కింద కాదు.

నాలుగైదు ఒక పౌండువి ఎందుకు వద్దంటున్నానంటే, వాటికి 5 పౌండ్ల సిలిండర్‌లా చేతితో మూసే వాల్వ్ ఉండదు. రీఫిల్ రకం డబ్బా గోడలు మందంగానే ఉంటాయి, వాల్వూ పారేసేవాటికంటే మంచిదే, కానీ విప్పిన తర్వాత గ్యాస్‌ను ఆపేది అక్కడా స్ప్రింగే. నాలుగు డబ్బాలంటే అలా కారగల నాలుగు నోళ్లు, వారానికి రెండు మూడు సార్లు విప్పి బిగించడం, బిగించిన ప్రతిసారీ రబ్బరు రింగు అరగడం. ఇంకో చిక్కు చలికాలంలో బయటపడుతుంది. ద్రవం ఆవిరవ్వాలంటే చుట్టూ ఉన్న వేడిని పీల్చుకోవాలి. చిన్న డబ్బాకు ఒంటి వైశాల్యం తక్కువ. దాని మీద రెండు బర్నర్లూ నిండుగా వెలిగిస్తే గంటకు 300 గ్రాములు లాగుతాయి. కాసేపటికి డబ్బా చుట్టూ మంచు పేరుకుని, లోపలి ఒత్తిడి పడిపోయి, గ్యాస్ ఉండగానే మంట నీరసిస్తుంది. అప్పుడు వేడినీళ్లు పోయడం, పొయ్యి పక్కన పెట్టడం లాంటివి చేయకండి. ఒక బర్నర్ ఆపండి, చాలు.

రెయిలింగ్ మీది గ్రిల్‌కు మాత్రం ఒక పౌండు రీఫిల్ సిలిండర్ బాగానే ఉంటుంది. ఆరుబయట, నీళ్ల మీద వేలాడుతుంది, కారినా సముద్రంలోకే పోతుంది. రెండు కొనుక్కోండి. వాటిని ఉంచడానికి రెయిలింగ్‌కి కట్టే నిలువు సంచీలు దొరుకుతాయి, అడుగున తెరిచి ఉన్న రకం తీసుకోండి. గ్రిల్ నుంచి విప్పిన ప్రతిసారీ నోటి మీద ఒక చుక్క సబ్బునీళ్లు వేసి చూడండి. ఒక్క బుడగ మెల్లగా ఉబ్బినా ఆ డబ్బా లోపలికి రాకూడదు. బుడగ లేదంటే ఇత్తడి మూత బిగించి సంచీలో పెట్టండి. దానితో వచ్చే ప్లాస్టిక్ మూత దుమ్మును ఆపుతుంది తప్ప గ్యాస్‌ను ఆపదు.

వీటిని ఇంట్లో పెద్ద సిలిండర్ నుంచి నింపుకోవాలంటే ఆ తయారీదారు ఇచ్చిన కిట్టుతోనే, నేల మీద, ఆరుబయట. పడవ మీద కాదు, రేవు చెక్కల మీద కూడా కాదు. దగ్గర్లో మురుగు కాలువ మూత, సెల్లార్ లాంటి పల్లపు చోట్లు ఉండకూడదు. ముందుగా ఖాళీ డబ్బాను త్రాసు మీద పెట్టి, ఆ బరువును పెయింటు పెన్నుతో దాని మీదే రాసుకోండి. పెద్ద సిలిండర్ తలకిందులుగా నిలబడితే ద్రవం కిందికి దిగుతుంది. చిన్నదాని మెడ దగ్గర స్క్రూడ్రైవర్‌తో తిప్పే చిన్న మర ఉంటుంది. నింపేటప్పుడు దాన్ని కొద్దిగా వదులు చేస్తే సన్నగా ఆవిరి వస్తుంటుంది. ద్రవం 80 శాతానికి చేరగానే ఆవిరి బదులు తెల్లటి తుంపర చిమ్ముతుంది. ఆ క్షణమే పెద్ద సిలిండర్ వాల్వ్ కట్టేసి, తర్వాత ఆ మర బిగించాలి. తుంపర మైనస్ 42 డిగ్రీల చల్లదనంతో వస్తుంది, చేతికి తగిలితే కాలినట్టే బొబ్బలెక్కుతుంది. కాబట్టి తోలు గ్లవుజులు, కళ్లద్దాలు తప్పవు. చివర మళ్లీ తూకం వేయండి. ఖాళీ బరువు మీద 454 గ్రాములకు మించకూడదు. మించితే ఆ మర ద్వారానే కొద్దికొద్దిగా బయటికి వదిలేయండి.

80 శాతం దగ్గర ఎందుకు ఆగాలో చాలామందికి చాదస్తంగా అనిపిస్తుంది. 15 డిగ్రీల పొద్దున నింపిన ద్రవ ప్రొపేన్, ఎండలో 40 డిగ్రీలకు చేరితే 8, 9 శాతం ఉబ్బుతుంది. 80 శాతం నింపింది 87 దగ్గర ఆగుతుంది. 95 శాతం నింపిందానికి ఇక చోటుండదు. ద్రవం అణగదు కాబట్టి ఒత్తిడి ఒక్కసారిగా ఎగబాకి, మితిమీరిన ఒత్తిడిని బయటికి వదిలే రిలీఫ్ వాల్వ్ తెరుచుకుంటుంది. మీ డబ్బా అప్పుడు కారులోనో క్యాబిన్‌లోనో ఉంటే ఏమవుతుందో వేరే చెప్పక్కర్లేదు. 5 పౌండ్ల సిలిండర్‌లో ఈ పని లోపలి తేలే బుడ్డి చూసుకుంటుంది. అమెరికాలో 4 నుంచి 40 పౌండ్ల నిలువు సిలిండర్లకు ఈ అమరిక తప్పనిసరి, మూడు మూలల చక్రం ఉన్న వాల్వ్ చూసి గుర్తుపట్టొచ్చు. అయినా తూకం చూడటం మానకండి. సిలిండర్ మెడ మీద టీడబ్ల్యూ అన్న అంకె ఖాళీ బరువు, డబ్ల్యూసీ అన్నది నీళ్లు పోస్తే పట్టే బరువు. డబ్ల్యూసీలో 42 శాతమే ప్రొపేన్ పోయాలి. 11.9 పౌండ్లు అని ఉంటే 5 పౌండ్లన్నమాట. సంచీలు తూచే కొక్కెం త్రాసు ఒకటి పడవలో ఉంచుకుంటే, ఇంకా ఎంత గ్యాస్ మిగిలిందో కూడా దానితోనే తెలుస్తుంది.

కొత్త 5 పౌండ్ల సిలిండర్‌ను మొదటిసారి నింపించేటప్పుడు ఇది కొత్తది, లోపల గాలి ఉంది, తీసేసి నింపండి అని నోరు తెరిచి చెప్పండి. కొద్దిగా ప్రొపేన్ ఆవిరి ఎక్కించి వదిలేయడం రెండు మూడు సార్లు చేస్తారు. ఇది చేయకపోతే పొయ్యి అంటుకోదు, అంటుకున్నా మంట ఎగిరెగిరి ఆరిపోతుంది. లోపలి తేమ రెగ్యులేటర్‌లో గడ్డకట్టి దారి మూసేస్తుంది. జనం అప్పుడు పొయ్యిని తిట్టుకుంటారు.

ఉక్కా, అల్యూమినియమా? 5 పౌండ్ల సైజులో బరువు తేడా పెద్ద విషయం కాదు, తుప్పే విషయం. ఉక్కు సిలిండర్ ముందు తుప్పు పట్టేది కింద నిలబెట్టే రింగు దగ్గర. ఉప్పునీరు అక్కడ నిలుస్తుంది, మనం తిప్పి చూడం. పొరలు పొరలుగా లేచి గుంటలు పడితే నింపేవాళ్లు వెనక్కి పంపేస్తారు, పంపాలి కూడా. లాకర్ అడుగున రబ్బరు చాప వేసి, ఆరు నెలలకోసారి రింగు గీకి రంగు వేసే ఓపిక ఉంటే ఉక్కు చాలు. ఉప్పునీళ్లలో ఏడాది పొడవునా పడవ ఉంటే, ఆ ఓపిక లేకపోతే, అల్యూమినియానికి డబ్బు పెట్టండి. దానికీ ఒక రోగం ఉంది. స్టెయిన్‌లెస్ పట్టీతో నేరుగా కట్టేస్తే రెండు లోహాల మధ్య ఉప్పు తడి చేరి అల్యూమినియాన్నే తినేస్తుంది. నైలాన్ పట్టీ వాడండి, నెలకోసారి మంచినీళ్లతో కడగండి. ఫైబర్ సిలిండర్లు తుప్పు పట్టవు, లోపలి ద్రవ మట్టం వెలుతురులో కనిపిస్తుంది, కానీ అదే గ్యాస్‌కు కొంచెం లావుగా ఉంటాయి, మీ ఇరుకు లాకర్‌కు అది కుదరకపోవచ్చు. ఏది కొన్నా మెడ మీది తయారీ తేదీ చూడండి. గడువు దాటినవి మళ్లీ పరీక్ష చేయించకుండా నింపరు. పాతది చవగ్గా దొరికిందని కొంటే ఆ చవక అక్కడే పోతుంది.

మారేటప్పుడు మీకు ఎదురయ్యే అసలు గండం రెగ్యులేటర్. ఒక పౌండు డబ్బాతో నడిచే పొయ్యికి, గ్రిల్‌కు రెగ్యులేటర్ దాని మీదే ఉంటుంది, డబ్బా ఒత్తిడి నేరుగా అందులోకి వస్తుంది. 5 పౌండ్ల సిలిండర్‌తో పెట్టే శాశ్వత లైనులోనేమో రెగ్యులేటర్ లాకర్‌లోనే ఉండి ఒత్తిడిని అమెరికా పొయ్యిలకైతే 11 అంగుళాల నీటి మట్టానికి, అంటే సుమారు 27 మిల్లీబార్లకు దించి లోపలికి పంపుతుంది. 20 డిగ్రీల దగ్గర సిలిండర్‌లో ఉండేది 7 బార్‌లకు పైనే, తేడా 250 రెట్లకు మించి. రెగ్యులేటర్ ఉన్న పొయ్యిని ఈ తక్కువ ఒత్తిడి లైనుకు కలిపితే మంట మిణుకుమిణుకుమంటుంది, అంతకంటే ప్రమాదం లేదు. రెగ్యులేటర్ లేని పొయ్యికి సిలిండర్‌ను నేరుగా కలిపితే మంట కప్పుకు తగులుతుంది. మీ పొయ్యి ఏ రకమో, ఎన్ని మిల్లీబార్లు అడుగుతుందో రేకు మీద చదివాకే గొట్టాలు కొనండి. శాశ్వత లైను కోసం తయారైన పొయ్యి కాకపోతే దాన్ని అలాగే గుచ్చడం కంటే పొయ్యి మార్చడమే మేలు.

లైను వేసే క్రమం ఇది: సిలిండర్, ఒత్తిడి చూపే గేజ్, రెగ్యులేటర్, కరెంటుతో మూసే సోలినాయిడ్ వాల్వ్, అక్కణ్నుంచి పొయ్యి దాకా మధ్యలో అతుకు లేని ఒకే గొట్టం. ఆ చివరి గొట్టం తప్ప ఇవన్నీ లాకర్‌లోనే. లాకర్ గోడ దాటేచోట గ్యాస్ దూరని సీలు. రెగ్యులేటర్‌ను సిలిండర్ వాల్వ్ కంటే ఎత్తులో బిగించండి. గ్యాస్‌తో వచ్చే నూనె లాంటి మడ్డి అప్పుడు వెనక్కి సిలిండర్‌లోకే కారుతుంది, రెగ్యులేటర్‌లో చేరదు. సోలినాయిడ్ స్విచ్ పొయ్యి దగ్గర చేతికందేలా, కానీ మంట మీదుగా చెయ్యి చాపే పని లేకుండా ఉండాలి. గ్యాస్ అలారం సెన్సర్ నేలకు దగ్గరగా పెట్టండి.

లీకు చూసే పద్ధతి తేలిక. పొయ్యి మరలు మూసి, సోలినాయిడ్ వేసి, సిలిండర్ తెరిచి, గేజ్ అంకె చూసి సిలిండర్ కట్టేయండి. మూడు నిమిషాల పాటు ముల్లు కదలకపోతే చాలంటుంది ప్రమాణం. పది నిమిషాలు ఆగితే మరీ సన్నటి లీకు కూడా దొరుకుతుంది. ముల్లు జారితే సబ్బునీళ్లతో ఒక్కో జాయింటూ వెతకండి. అమ్మోనియా ఉన్న సబ్బు వద్దు, ఇత్తడి పగుళ్లు పడుతుంది. సిలిండర్ మార్చిన ప్రతిసారీ, ఇంకా రెండు వారాలకోసారి ఇది చేయండి. సిలిండర్ వాల్వ్‌ను మాత్రం ఎప్పుడూ నెమ్మదిగా తెరవాలి. ఒక్కసారిగా తిప్పితే కనెక్టర్‌లో ఉండే రక్షణ వాల్వ్ ఎక్కడో గొట్టం తెగిందనుకుని దారి మూసేస్తుంది, పొయ్యి మీద మంట వత్తిలా మిగులుతుంది. అప్పుడు అన్నీ కట్టేసి ఒక నిమిషం ఆగి మళ్లీ మెల్లగా తెరిస్తే సరిపోతుంది, రెగ్యులేటర్ పాడైందని కొత్తది కొనక్కర్లేదు.

దూర ప్రయాణాల్లో వేరే దేశంలో నింపించాల్సి వస్తే అక్కడ బ్యూటేన్ దొరకొచ్చు. ప్రొపేన్ సిలిండర్‌లో బ్యూటేన్ పోయించవచ్చు, దాని ఒత్తిడి తక్కువ. బ్యూటేన్ కోసమే చేసిన సిలిండర్‌లో ప్రొపేన్ ఎప్పుడూ పోయించకూడదు. బ్యూటేన్ సున్నా డిగ్రీల దగ్గర ఆవిరవ్వడం మానేస్తుంది కాబట్టి చలి ప్రాంతంలో దాన్ని నమ్ముకోకండి.

నింపిన సిలిండర్లను కారులో తెచ్చేటప్పుడు నిలువుగా, దొర్లకుండా కట్టి, వాల్వ్ నోటికి బిరడా బిగించి, కిటికీలు కాస్త దించి తీసుకురండి. దారిలో ఎండన కారు ఆపి ఇంకో పని చూసుకోకుండా నేరుగా పడవ దగ్గరికే తేవాలి. పడవ ఎక్కించాక ముందు లాకర్‌లో దింపి, పట్టీ కట్టి, ఆ తర్వాతే రెగ్యులేటర్ బిగించండి.